కోదండం పేరు మీద కెమెరా

మనుషుల్ని తెల్లగా చెయ్యడం నా ఉద్యోగం. కోల్‌కతాలో, ఖిదిర్‌పూర్ బజారులో మా యజమాని తపన్‌దా ఫోటో స్టూడియో ఉంది. అక్కడ కంప్యూటర్ ముందు కూర్చుని, పెళ్ళి సంబంధాలకు పంపే ఫోటోల్లో ముఖాల మీది నలుపు తుడిచేదాన్ని. బెంగాలీలు, బీహారీలు, మా తెలుగువాళ్ళు, ఎవరొచ్చినా అడిగేది ఒక్కటే, కొంచెం రంగు తేల్చి పెట్టమని. మచ్చ తీసేయాలి, బుగ్గ కింద నీడ తీసేయాలి, మెడ మీద గీత తీసేయాలి. అన్నీ తీసేశాక మిగిలేది పిండి రాసిన గుమ్మడికాయ. దాన్ని చూసుకుని మురిసిపోతూ పట్టుకెళ్ళేవారు.

ఆ పనంటే నాకు అసహ్యం పుట్టింది. తీసేటప్పుడే సరిగ్గా తీస్తే ఈ తుడుపుళ్ళన్నీ ఎందుకని నా వాదన. మా ఇళ్ళలో గదికి ఒక్క బల్బు. ఫోటో తీసేవాడు రాగానే ఎదురుగా నిలబడి టప్పున ఫ్లాష్ కొడతాడు. నల్లని ఒంటి మీద ఆ వెలుగు పడితే నూనె కారుతున్నట్టుంటుంది. అదే మనిషిని గుమ్మం దగ్గర కూర్చోబెట్టి, పగటి వెలుతురులో ఓపిగ్గా తీసి చూడండి. నలుపు ఎంత బాగుంటుందో అప్పుడు తెలుస్తుంది. నాకా సంగతి పాస్‌పోర్టు ఫోటోలు తీస్తూ తెలిసింది. ఆ ఫోటోలకు మాత్రం తపన్‌దా తన పెద్ద కెమెరా నా చేతికిచ్చేవాడు. పెళ్ళిళ్ళకు పంపమని అడిగితే నవ్వేవాడు. ఒకసారి మాత్రం, "నీదంటూ ఒక కెమెరా ఉంటే అప్పుడు చూద్దాంలే" అన్నాడు. ఆ ముక్క నేను గట్టిగా పట్టుకున్నాను.

పట్టుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఏక్‌బాల్‌పూర్‌లో మేముండే రేవు కూలీల లైన్లలో, పెళ్ళికూతురికి నలుగు పెట్టేటప్పుడు గదిలోకి మగవాణ్ణి రానివ్వరు. ఫోటోలు మాత్రం కావాలి. మా వరసలోనే ఉండే అప్పమ్మ, కార్పొరేషన్‌లో రోడ్లు ఊడ్చే మనిషి, నేను కనిపించినప్పుడల్లా అదే పాట పాడేది. "ఓ గుంటా, నువ్వో కెమెరా కొనుక్కోయే. మా మనవరాలి పెళ్ళి నువ్వే తియ్యాల. ఆ మగోళ్ళెదట మా గుంట తల కూడా ఎత్తదు." అప్పమ్మ ఒక్కతే కాదు, లైన్లలో ఆడవాళ్ళందరిదీ అదే మాట. కెమెరా ఒకటి నా చేతిలో ఉంటే ఆ కంప్యూటర్ ముందునుంచి లేచి పోవచ్చు. నాకు కావలసింది అదొక్కటే.

మా నాన్న పేరు గురువులు. పెళ్ళికి ముందే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, వాళ్ళ అయ్య తర్వాత డాక్‌లో వించి నడిపాడు. ఓడలోంచి సరుకు మూటలు ఎత్తి ఒడ్డున దించే యంత్రం అది. కంటైనర్లు వచ్చాక మూటలూ పోయాయి, మూటలెత్తే గ్యాంగులూ పోయాయి. నాన్న చేత స్వచ్ఛందంగా వెళ్ళిపోతున్నానని సంతకం పెట్టించి ఇంటికి పంపారు. ఆ స్వచ్ఛందం ఎవరిదో ఆయనకు ఈనాటికీ తెలియదు. మా అన్న కోదండం అప్పటికి పని వెతుకుతున్నాడు, అంటే టీ కొట్టు దగ్గర నిలబడుతున్నాడు. నాన్నకొచ్చిన డబ్బులో కొంత దేనికైనా పనికొచ్చే వస్తువు మీద పెడదామని ఇంట్లో మాట వచ్చినప్పుడు, నేను కెమెరా అన్నాను. అది రెండువేల ఎనిమిది వానాకాలం. నా జీతం అంతకుముందే ఆ ఇంట్లో కలిసిపోయి ఆనవాలు లేకుండా పోయేది కనక, అడిగే హక్కు నాకుందనే అనుకున్నాను.

నాన్న కాదనలేదు. "మంచిది ఏరు. మళ్ళీ మళ్ళీ కొనలేం" అన్నాడు.

ఏరడమంటే మాటలు కాదు. డిజిటల్ ఎస్.ఎల్.ఆర్. కెమెరా కొనడం అంతకుముందు మా లైన్లలో ఎవరూ చెయ్యలేదు. అయినా సలహా ఇవ్వని మనిషి లేడు. మెగాపిక్సెళ్ళు ఎక్కువుండాలని ఒకడు. జూమ్ పెద్దదుండాలని ఇంకొకడు. నాన్న పాత గ్యాంగు సర్దారు కూర్మయ్య తాతయితే, ఒడ్డున నిలబడి తీస్తే ఓడ మీదున్నవాడి మీసం కనబడాలని తేల్చేశాడు. మీసాలు తియ్యడానికి నేను కెమెరా కొనడం లేదని ఆయనతో చెప్పే ధైర్యం నాకు లేక ఊరుకున్నాను.

రోజూ సాయంత్రం సైబర్ కేఫ్‌కి వెళ్ళి, ఇంగ్లీషులో రాసినవి కూడబలుక్కుని చదివేదాన్ని. దుకాణాలవాళ్ళు పంచే రంగుల కాగితాలు అమ్మ వంట డబ్బాల కింద దాచేదాన్ని. మెగాపిక్సెళ్ళ సంగతి నాకు బెంగ లేదు. ఎంత పెద్ద ఆల్బమ్‌కి ఎన్ని చాలో రోజూ ప్రింట్లు తీసే నాకు తెలియదా? నాకు కావలసినవి వేరు. మొదటిది, ఒక్క బల్బు గదిలో ఫ్లాష్ లేకుండా తియ్యగలగాలి. దానికి వెలుతురు బాగా లోపలికి రానిచ్చే లెన్సు ఉండాలి. అటువంటిది తక్కువ ఖరీదులో ఒకటే ఉంది. చిన్నది, జూమ్ లేనిది. చూడటానికి మరచెంబు మూతలా ఉంటుంది. తీరా చూస్తే ఒక కంపెనీ చవక కెమెరాకి ఆ చిన్న లెన్సు తగిలిస్తే దానంతటది ఫోకస్ చేసుకోదు, చేత్తో తిప్పుకోవాలి. కదిలే మనుషుల్ని తీసేటప్పుడు అది కుదిరే పని కాదు. రెండో కంపెనీదానికి ఆ బాధ లేదు. ఈ ఒక్క సంగతి తెలుసుకోవడానికి నాకు నెల పైనే పట్టింది. తెలుసుకోకుండా కొనుంటే ఏడుస్తూ కూర్చునేదాన్ని.

ఇంక చెయ్యి. నావి చిన్న చేతులు. తపన్‌దా కెమెరా పట్టుకుంటే బటన్ నొక్కడానికి ప్రతిసారీ పట్టు మార్చుకోవాలి. ఆ మార్చుకునేలోపు ఎదుటి మనిషి ముఖంలో ఉన్నది కాస్తా పోతుంది. అందుకని నా చేతికి పట్టే చిన్న కెమెరా బాడీయే కావాలని నిశ్చయించుకున్నాను. ఇవన్నీ తేలాక నాకు నేనే గొప్పగా అనిపించాను. ఎవరికీ చెప్పుకోలేదు గాని, చాలా సంతోషంగా ఉండేది.

కొనడానికి ధర్మతలా వెళ్ళాం, నేనూ నాన్నా అన్నా. ట్రామ్‌లో మైదానం పక్కనుంచి పోతుంటే నాన్న, డబ్బున్న చొక్కా జేబు మీంచి చెయ్యి తియ్యలేదు. కెమెరా దుకాణాలుండే సందులో అద్దాల వెనక వరసగా పెట్టి ఉన్నవాటిని చూసి, కోదండం నేరుగా అన్నింటికంటే పెద్దదాని దగ్గరకు పోయి నిలబడ్డాడు. నేను అడిగినదాన్ని దుకాణం కుర్రాడు తీసి బల్ల మీద పెట్టాడు. ముందు నాన్న దాన్ని అందుకుని, అరచేతిలో పైకీ కిందికీ ఆడించి బరువు చూశాడు. డాక్‌లో కొక్కేలు అలాగే చూసేవాడట.

"ఏటే ఇది, ఇంత తేలిగ్గా ఉంది? లోన ఏటైనా ఉందా, డొల్లా?" అన్నాడు.

"నా చేతికి పట్టాల కదా నాన్నా. బరువుకేటి, సముద్రంలోకి దింపుతామా?" అన్నాను.

"పెళ్ళికి ఇది అట్టుకెల్తే జనం నవ్వుతారే" అని కోదండం మొదలెట్టాడు. "ఇంత పెద్ద జూమున్నాది అక్కడ ఉంటే, జూమే లేని లెన్సేటి? మనిషి దూరంగా ఉంటే ఏటి సేస్తావు?"

"నడిచి దగ్గరకెల్తాను. నాకు కాళ్ళున్నాయి."

కుర్రాడు నవ్వేశాడు. నేను నవ్వలేదు. ఆ దుకాణంలో దుమ్ముపట్టిన బల్బు కింద నాన్నని నిలబెట్టి, చిన్న లెన్సుతో ఫ్లాష్ లేకుండా ఒకటి తీశాను. జూమ్ లెన్సుతో ఇంకొకటి తీశాను. రెండూ వెనక తెర మీద చూపించాను. మొదటిదాంట్లో ఆయన కళ్ళు, గడ్డం మీద నెరిసిన వెంట్రుకలు, చెంప మీద పాత గాటు, అన్నీ ఉన్నాయి. రెండోదాంట్లో మనిషి కదిలి అలుక్కుపోయాడు. నాన్న మొదటిదాన్ని చాలాసేపు చూశాడు. చూసి, "ఇదే ఇయ్యండి" అన్నాడు. కోదండం మొహం మాడ్చుకున్నాడు. వాడి కోసం ఒక మామూలు జూమ్ లెన్సు కూడా తీసుకున్నాం. దుకాణంవాళ్ళు సంచీ ఊరికే ఇచ్చారు. వస్తూ ట్రామ్‌లో ఆ సంచీ నా ఒళ్ళో పెట్టుకున్నాను. అంత గర్వంగా నేను ఎన్నడూ కూర్చోలేదు.

పనిముట్లకు చేసే విశ్వకర్మ పూజకి ఇంకా కొద్దిరోజులున్నాయి. ఆలోగా నేను ఊరుకోలేదు. అమ్మ, తవిటమ్మ అంటారు, మధ్యాహ్నం గుమ్మంలో కూర్చుని చేపలు తోముతుంటే తీశాను. ముంజేతుల మీద పొలుసులు మెరుస్తూ, ముఖం ఒకవైపు వెలుతురులో, నల్లగా నిగనిగలాడుతూ, అచ్చం మా అమ్మే. ప్రింటు వేసి తెచ్చి చూపిస్తే, "ఇంత నల్లగా ఉన్నానేటి? నువ్వు స్టూడియోలో అందరికీ తెల్లగా సేస్తావు కదా, అమ్మకి సెయ్యవా?" అంది. అని, దాన్ని తీసుకెళ్ళి బియ్యం డబ్బా వెనక పెట్టుకుంది. రోజూ బియ్యం తీసేటప్పుడు చూసుకునేది.

"పూజ కాకుండా పనిముట్టు వాడకూడదే. పూజలో పెడదాం" అని నాన్న అడిగాడు. అంత డబ్బు పెట్టినవాడు ఆ మాత్రం అడిగితే కాదనడమెందుకని నేనే తుడిచి, సంచీలో పెట్టి ఇచ్చాను.

మా నాన్న గ్యాంగులో ఒక కట్టుబాటు ఉంది. ఇంకే గ్యాంగులోనూ లేదు. విశ్వకర్మ పూజనాడు సర్దారు ఒక్కొక్క పనిముట్టుకీ బొట్టు పెట్టి, ఒక్కొక్క మనిషి పేరు పిలిచి, దాన్ని వాడి చేతికిస్తాడు. మరుసటి ఏడు పూజ దాకా దాని మీద ఇంకొకరి చెయ్యి పడకూడదు. ఎప్పుడో నాన్న కుర్రతనంలో, ఒకడి వించి మీద ఇంకొకడు కాసేపు కూర్చున్నాడట. బ్రేకు వాడి చేతికి అలవాటు లేదు. బస్తాలు జారి కింద ఉన్నవాడి కాలు పోయింది. అప్పుడే కూర్మయ్య తాత ఈ కట్టుబాటు పెట్టాడు. వించీల విషయంలో మంచిదే. నేను కాదనను.

పూజ యూనియన్ గదిలో. దేవుడు లేడని ఉపన్యాసాలిచ్చేదీ ఆ గదిలోనే, ఏటేటా విశ్వకర్మని కూర్చోబెట్టేదీ ఆ గదిలోనే. ఎర్రజెండా ఒక మూల, దేవుడు ఒక మూల, ఒకరి జోలికి ఒకరు పోరు. కోల్‌కతాలో ఆ పూజనాడే గాలిపటాలు ఎగరేస్తారు, పైన ఆకాశమంతా అవే. లోపల చాప మీద కొక్కేలు, తోలు చేతొడుగులు, తుప్పుపట్టిన రెంచీలు పెట్టుకుని ముసలాళ్ళు కూర్చున్నారు. ఏ ఓడకీ అక్కర్లేని సామాన్లు అవన్నీ. రేపటినుంచి పని చెయ్యబోయేది ఆ చాప మీద నా కెమెరా ఒక్కటే. మేం ఆడవాళ్ళం గుమ్మం బయట నిలబడ్డాం. కూర్మయ్య తాత పేర్లు పిలుస్తూ పిలుస్తూ కెమెరా దగ్గరకొచ్చి, సంచీ మీద కుంకం పెట్టి పిలిచాడు.

"గురువులు కొడుకు, కోదండం."

కోదండానికి కూడా ముందు తెలియదు. అటూ ఇటూ చూసి లేచాడు. నేను గుమ్మం దాటి లోపలికి వెళ్ళిపోయాను. "తాతా, అది నాది" అన్నాను, చెయ్యి చాపి. కూర్మయ్య తాత మా నాన్న వైపు చూశాడు. నాన్న తల దించుకుని, "బయటికెల్లమ్మా, పూజ జరగతంది" అన్నాడు. కెమెరా కోదండం చేతిలోకి పోయింది. నేను ప్రసాదం తీసుకోకుండా ఇంటికి వచ్చేశాను.

ఇంట్లో నేను అన్న మాటలు ఇక్కడ రాయను. గిన్నెలు కూడా కొన్ని ఎగిరాయి. నాన్న అంతా విని, మంచం మీద కూర్చుని నెమ్మదిగా చెప్పాడు.

"మా అయ్య పని నాకొచ్చింది. నా పని ఆడికి రావాల. రాలేదు. సంతకం నేనే ఎట్టీసేను. ఆడికి ఏటిచ్చేనే నేను? ఏదో ఒక పనిముట్టు ఆడి పేరు మీద ఉండాల కదా. నువ్వేటి, రేపు పెళ్ళయి ఎల్లిపోతావు."

"కెమెరా ఏరింది నేను. ఆడికి పట్టుకోడం కూడా రాదు."

"నేర్చుకుంటాడు. ఒక్క ఏడాది. వచ్చే విశ్వకర్మకి నీ పేరు పిలిపిస్తాను. నా మాట మీద ఉంటాను."

నాన్న ఎప్పుడూ మాట తప్పలేదు. అదే నా ఖర్మ. తప్పే మనిషయితే ఆ రోజే తెగించి లాక్కునేదాన్ని. ఏడాదే కదా అని పళ్ళు బిగించుకుని, మళ్ళీ తపన్‌దా కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

కోదండం నేర్చుకున్నాడు. ఫ్రెండ్స్‌ని అద్దె మోటారుసైకిళ్ళ మీద కూర్చోబెట్టి తీయడం నేర్చుకున్నాడు. చిన్న లెన్సు సంచీలోంచి బయటికే తియ్యలేదు. మాఘమాసంలో అప్పమ్మ మనవరాలి పెళ్ళి వచ్చింది. అప్పమ్మ నేరుగా నాన్న దగ్గరకొచ్చింది.

"గురువులన్నా, ఒక్క పూట గుంట చేతికియ్యి. లోనికి మగోణ్ణి ఎలగ రానిస్తాం?"

నాన్న ఇబ్బంది పడ్డాడు. నాకది కనిపించింది. గోడకేసి చూస్తూ, "పేరు ఆడిది కదా అప్పమ్మా. ఇంకో చెయ్యి పడితే ఆడికి మంచిది కాదు" అన్నాడు.

కోదండం మీద ప్రేమ కొద్దీ అన్నాడు. నిజంగానే భయపడ్డాడు. ఆ కాలు పోయిన మనిషిని ఆయన కళ్ళారా చూశాడు. నేను ఎంత అరిచినా ఆ భయం ముందు నా అరుపు ఏ మూలకి?

నలుగునాడు నేను ఆ గదిలోనే ఉన్నాను, ఉత్త చేతులతో. తూర్పు కిటికీలోంచి ఎండ సరిగ్గా పీట మీద పడుతోంది. పసుపు పూసుకున్న ఆ పిల్ల చామనచాయ చెంపలు ఆ ఎండలో ఎలా ఉన్నాయో నేను చెప్పలేను. తియ్యడమే నాకు చేతనవును, చెప్పడం కాదు. కోదండం గుమ్మం అవతల నిలబడి, జూమ్ పొడుగ్గా లాగి, ఫ్లాష్ మీద ఫ్లాష్ కొట్టాడు. ఆడవాళ్ళు చెంగులు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. పిల్ల తల ఎత్తలేదు. నాకు ఏడుపొచ్చింది. పసుపు ముంత అందుకునే మిషతో అటు తిరిగాను.

ఆ ఫోటోలు ప్రింటుకి ఎక్కడికొస్తాయి? తపన్‌దా స్టూడియోకే. నా ముందుకే. ఫ్లాష్ దెబ్బకి పసుపు వెలిసిపోయి, ముఖాలు సున్నం కొట్టినట్టున్నాయి. జన్మలో మొదటిసారి నేను తెల్లగా చెయ్యాల్సిన పని లేకపోయింది. అప్పమ్మ ఆల్బమ్ తిప్పి తిప్పి చూసి, "మీ అన్న బాగా తీసేడే. గుంట ఎంత ఎర్రగా వచ్చిందో" అంది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా నాకు తెలియలేదు.

వేసవి మొదట్లో కోదండానికి ఊరికి ఆ కొసన న్యూ టౌన్‌లో ఒక ఆఫీసులో సెక్యూరిటీ పని దొరికింది. నీలం చొక్కా, టోపీ, అక్కడే నలుగురితో గది. వెళ్ళేముందు వాడే కెమెరాని, లెన్సులతో సహా, ప్లాస్టిక్ కవరులో చుట్టాడు. అమ్మ తన పెళ్ళి పట్టుచీర తెచ్చి పైన ఇంకో చుట్టు చుట్టించింది, గీత పడకూడదని. నాఫ్తలీన్ ఉండలు వేసింది, పురుగు పట్టకూడదని. ట్రంకు పెట్టెలో అడుగున పెట్టించి తాళం వేసింది. తాళం చెవి నాన్న మొలతాడుకి. పసిపిల్లని కూడా అంత జాగ్రత్తగా చూడరు.

వాన మొదలయింది. తపన్‌దా తన లెన్సుల్ని ఒక చెక్క పెట్టెలో పెట్టి, లోపల చిన్న బల్బు ఎప్పుడూ వెలిగించి ఉంచుతాడు. కోల్‌కతా వానాకాలం చెమ్మకి గాజులో బూజు పడుతుంది. చీకటి, చెమ్మ, గాలాడకపోవడం, ఈ మూడూ ఉంటే ఇంకేం అక్కర్లేదు. నేను వెళ్ళి నాన్నతో చెప్పాను.

"దాన్ని బయటకి తియ్యాల నాన్నా. ఎండ తగలాల. లేపోతే బూజట్టీస్తాది."

"పట్టుచీరలో ఉన్నదానికి బూజేటి? మీ అమ్మ చీరకి ఇన్నేళ్ళయి బూజట్టిందా?"

"చీర వేరు, గాజు వేరు."

"నీ చెయ్యి పడకూడదే. ఇంకెన్నాళ్ళు, విశ్వకర్మ వచ్చీసింది."

పోనీ కోదండం చేతే తీయిద్దామని ఫోన్ చేశాను. "ఈ ఆదివారం వస్తానే" అన్నాడు. ఆ ఆదివారం రాలేదు. తర్వాతిదీ రాలేదు. మూడోసారి చేస్తే, "నీకు ఆ కెమెరా పిచ్చేటే, నాకిక్కడ డబుల్ డ్యూటీలు" అని విసుక్కున్నాడు. తాళం పగలగొడదామా అనుకున్నాను. ఇంట్లో సుత్తి ఉంది. దాని మీద కూడా నాన్న పేరు పిలిచి ఉంది. నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. బయట వాన ఆగలేదు.

మళ్ళీ విశ్వకర్మ పూజ. కోదండానికి సెలవు దొరకలేదు. పొద్దున్నే నాన్న స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెట్టె తాళం తీశాడు. తన చెయ్యి తగలకుండా ఆ పట్టుమూటని పళ్ళెంలోకి దింపుకుని, ఆ పళ్ళెం రెండు చేతులా పట్టుకుని యూనియన్ గదికి నడిచాడు. నేను వెనక నడిచాను. బ్యాటరీని మాత్రం కోదండం వెళ్ళేటప్పుడు ఇంట్లో బల్ల మీద మర్చిపోయాడు. దాని మీద ఎవరి పేరుందో ఎవరూ అడగలేదు. తెల్లవారుజామునే చార్జింగ్ పెట్టి కొంగున కట్టుకున్నాను. అన్ని అనుమానాలున్నా నాకు ఆశ ఉంది. పట్టుచీర కాపాడిందేమో, నాఫ్తలీన్ కాపాడిందేమో, ఎవరికి తెలుసు?

కూర్మయ్య తాత మూట మీద కుంకం పెట్టాడు. ఆ గదిలో ఆడపేరు పిలవడం ఆయనకి కొత్త.

"గురువులు కూతురు, జగ్గమ్మ."

నేను లోపలికి వెళ్ళి చెయ్యి చాపాను. ఎవరూ అడ్డం చెప్పలేదు. నాన్న కళ్ళు చెమ్మగిల్లాయి. "మాట మీద ఉన్నాను కదా?" అన్నాడు, పక్కనున్న ముసలాళ్ళందరికీ వినపడేలా. "తియ్యి, ముందు నా బొమ్మ తియ్యి."

చీర విప్పాను. ప్లాస్టిక్ విప్పాను. లోపల తడి వాసన గుప్పుమంది. చిన్న లెన్సు తీసి కిటికీ వైపు పట్టి చూశాను. గాజు లోపల, నా వేలు పోలేని చోట, తెల్లని బూజు మధ్య దాకా పాకి ఉంది. జూమ్ లెన్సు తీశాను. అందులోనూ అంతే. తుడుస్తే పోయేది కాదు. గాజుని తినేస్తుంది.

నాన్న చొక్కా సర్దుకుని, జెండాకీ దేవుడికీ మధ్య నిటారుగా నిలబడ్డాడు. నేను బ్యాటరీ వేసి, చిన్న లెన్సు తగిలించి తీశాను. ఆ గదిలో వెలుతురు బాగుంది. కెమెరా కదలలేదు. తెర మీద నాన్న పొగలో నిలబడ్డట్టున్నాడు. కళ్ళు లేవు, గడ్డం లేదు, చెంప మీద గాటు లేదు.

ఆయన దగ్గరకొచ్చి తెరలోకి వంగి చూశాడు. "ఇదేటే, ఇలగుంది?"

"పోయింది నాన్నా. మీరే పాడుచేసేరు. పెట్టెలో పెట్టి, తాళం వేసి కుళ్ళబెట్టేసేరు. చెప్పేను కదా నేను, ఎన్నిసార్లు చెప్పేను" అన్నాను. నా గొంతు ఎంత పెద్దగా ఉందో నాకు తెలియదు గాని, బయట నిలబడ్డ ఆడవాళ్ళు గుమ్మంలోకి తొంగి చూశారు.

నాన్న తల అటూ ఇటూ వంచి ఆ తెరలోకి మళ్ళీ చూశాడు. నాకు ఆయన మీద జాలి కూడా వేసింది. ఒక్క మాట, తప్పయిపోయిందే అని ఒక్క మాట అంటాడని చూశాను. ఆయన ఆలోచించి, నా భుజం మీద చెయ్యి వేసి, ఎంతో ఆప్యాయంగా అన్నాడు.

"బెంగెట్టుకోకు. ఏదో మీట నువ్వు తప్పు నొక్కి ఉంటావు. ఆదివారం కోదండం వస్తాడు, ఆడికి సూపించు. ఏడాది వాడినోడు, ఆడికి తెలుస్తాది."

గదిలో ముసలాళ్ళందరూ అదే మంచిదన్నారు.